రెండుసార్లు ఎత్తిన చాప

"ఆ చేమదుంప ముక్కయినా నోట్లో పెట్టుకోరా నాయనా! నిన్న మధ్యాహ్నం నుంచి నీ కడుపులో మంచినీళ్ళు తప్ప ఏమున్నాయి..."

అసెనాటి మూడోసారి పళ్ళెం ముందుకు జరిపింది. ఇయోపు మూడోసారి వెనక్కి జరిపాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక తినే భోజనమంటే వాడికి ప్రాణం. కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు గిన్నె మొత్తం ఊడ్చేసి, ఇంకా ఉందా అన్నట్టు అమ్మ పళ్ళెంలోకి చూసే పిల్లవాడు! నూట పది కిలోల పిల్లవాడే అనుకోండి... తల్లికి పిల్లవాడే కదా! ఆ పిల్లవాడు ఇవాళ గోడల్లేని ఆ సమోవా ఇంట్లో స్తంభానికి చేరబడి, తన రెండు అరచేతులూ ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు.

రేపు సోమవారం సాయంత్రం వాడి విమానం. సిడ్నీలో రగ్బీ లీగ్ క్లబ్బు, మూడేళ్ళ కాంట్రాక్టు! మొగుడు పోయిన ఈ ఆరేళ్ళలో అసెనాటి దేవుణ్ణి అడిగింది ఈ ఒక్కటే. దేవుడు ఇచ్చాడు. ఇచ్చిన రోజే, ఇచ్చిన మైదానంలోనే, పక్క ఊరి తల్లి దగ్గర లాక్కున్నాడు...

క్లబ్బు తరఫున వచ్చిన కోల్ దొర ఇద్దరు కుర్రాళ్ళ మీద కన్నేశాడు. ఒకడు సలేఫూ ఊరి ఇయోపు, రెండోవాడు వైలోలో ఊరి పెనీ. ఉన్నది ఒక్కటే చోటు. నిన్న శనివారం రెండు ఊళ్ళకీ ఆట పెట్టి, ఎవరు బాగా ఆడితే వాళ్ళే అన్నాడు. ఆట ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా ఇయోపు వెళ్ళి గుద్దిన గుద్దుకి పెనీ పడ్డాడు. పడ్డవాడు లేవలేదు. నడుం కింద ఏమీ తెలియడంలేదన్నాడు. అంబులెన్సులో రేవుకి, అక్కణ్ణుంచి ఫెర్రీలో అవతలి దీవిలోని అపియా పెద్దాసుపత్రికి... వెన్నుపూస విరిగిందని పొద్దున్న చర్చిలో కబురు తెలిసింది. పాస్టరుగారు ప్రార్థనలో పెనీ పేరూ ఇయోపు పేరూ ఒకే ఊపిరిలో చెప్పారు. ఆ మాటకి చర్చిలో తలలన్నీ అసెనాటి వైపు తిరిగాయి.

ఆ దెబ్బ వీడియో ఊళ్ళో ఎనభై ఫోన్లలో ఉంది. ముందు నుంచి, పక్క నుంచి, కొబ్బరిచెట్టు మీద నుంచి! మెల్లగా తిప్పి, ఆపి, పెద్దది చేసి చూసినవాళ్ళు చూస్తూనే ఉన్నారు. కానీ దెబ్బ తగిలిన ఆ ఒక్క క్షణానికి మాత్రం ప్రతి వీడియోలోనూ ఎవరో ఒకావిడ గొడుగు అడ్డం. చెవులకి వినబడేది జనం అరుపులే.

"అమ్మా..." అన్నాడు ఇయోపు. "విజిల్ వేసేశారే."

"ఎప్పుడు?"

"నేను కొట్టకముందే... వేసి, రిఫరీ అటు తిరిగిపోయాడు. పెనీ బంతి కింద పెట్టేశాడు. ఆగిపోయాడు. నాకు విజిల్ వినబడింది, అమ్మా. వినబడలేదని చెబుదామనుకున్నా, కానీ వినబడింది! వాడు నాకన్నా బాగా ఆడుతున్నాడు. దొర వాణ్ణే చూసి రాసుకుంటున్నాడు. ఒక్క దెబ్బ తగిలితే కాసేపు బయట కూర్చుంటాడు కదా అనుకున్నా... అంతే అనుకున్నానే! అంతే!"

అసెనాటి చెయ్యి తనకి తెలియకుండానే వెళ్ళి కొడుకు నోరు మూసేసింది. వాణ్ణి కొట్టాలి... కొట్టలేదు. ఏడవాలి... ఏడవలేదు. ఆ తల్లి నోట్లోంచి వచ్చిన మొదటిమాట ఏమిటో తెలుసా!

"ఇంకెవరికైనా చెప్పావా?"

ఆ మాట తన చెవులకే విషంలా తగిలింది. అయినా ఆగలేదు. "చెప్పకు. ఆట అన్నాక దెబ్బలు తగులుతాయి. నువ్వు రేపు పొద్దున్న ఫెర్రీ ఎక్కేస్తున్నావు. మిగతాది నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావమ్మా?"

అసెనాటి లేచి, అన్నగారి ఇంటికి బయల్దేరింది.

*

అన్నగారు సకారియా ఆ కుటుంబానికి మతాయి. బిరుదు మోసే పెద్ద. తప్పు ఎవరిదైనా, కుటుంబం తరఫున మొగలి ఆకులతో అల్లిన మేలుచాప తల మీద కప్పుకుని, ఎదుటివాళ్ళ వాకిట్లో తెల్లారుజామున మోకరిల్లాల్సింది ఆయనే. అదే ఇఫోగా. వాళ్ళు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే... ఎండలో ఎంతసేపైనా అలాగే. రాయి పడినా, కత్తి పడినా అలాగే!

"నేను వెళ్ళను," అన్నాడు సకారియా, పంది పక్కటెముక కొరుకుతూ.

"అన్నయ్యా!"

"కోల్ దొర ఫోన్లో ఏం చెప్పాడో నువ్వూ విన్నావుగా. తప్పు మాదే అన్న మాట ఎక్కడా రాకూడదు, క్లబ్బువాళ్ళకి అలాంటివి పడవు అన్నాడు. నేను వెళ్ళి వంగితే ఒప్పుకున్నట్టే కదా! ఓ పక్క మేనల్లుడికి అన్నం పెట్టే పని, ఓ పక్క ఈ బిరుదు. రెండూ పక్క ఊరి వాకిట్లో పారబోయమంటావా?"

"అక్కడ పిల్లాడు కాళ్ళు పోగొట్టుకున్నాడు అన్నయ్యా... వాళ్ళ అన్నదమ్ములు కత్తులు నూరుకుంటున్నారట. మీ ఇల్లూ మా ఇల్లూ ఉంటాయా?"

"అందుకే కదా కుర్రాణ్ణి తొందరగా పంపించేయమంటున్నాను! నేనే నా బండిలో రేవుకి తీసుకెళ్ళి దింపుతాను."

అసెనాటి అన్న కాళ్ళ దగ్గర కూలబడింది. సమోవాలో చెల్లెలు అన్న కాళ్ళ దగ్గర కూర్చోదు. చెల్లెలు కోరితే అన్న లేచి నిలబడాలి, అదీ అక్కడి మర్యాద. నలభై ఏళ్ళలో ఆమె ఆ హక్కు ఒక్కసారీ వాడుకోలేదు. పొలం పంచినప్పుడు అడగలేదు. మొగుడు పోయినప్పుడు అడగలేదు. "నీ చెల్లెల్ని అన్నయ్యా... మొదటిసారి అడుగుతున్నాను."

సకారియా ఎముక పక్కన పెట్టాడు. చెల్లెలి మొహంలోకి చూడలేకపోయాడు. చూడకుండానే తల అడ్డంగా ఊపాడు.

"అయితే నేనే వెళతాను."

"నీకేమైనా పిచ్చా! ఆడదానివి... ఒక్కదానివి..."

"నీ బిరుదు భద్రంగా దాచుకో అన్నయ్యా. దానికి గాలి తగలనీకు!" అంది అసెనాటి. కన్నీళ్ళ మధ్య కూడా అంత మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

*

సోమవారం తెలతెలవారుతుండగా పరుపు ఎత్తింది. ఎవరింట్లోనైనా మేలుచాపలు ఉండేది పరుపు కిందే. అసెనాటి పరుపు కింద మిగిలింది ఒక్కటి. పట్టుగుడ్డలా మెత్తగా, అంచున ఎర్ర ఈకలతో... ఎక్కడిదో గుర్తులేదు. పెళ్ళిళ్ళకీ చావులకీ వస్తాయి, పోతాయి. ఉన్నదే చాలనుకుంది.

"అమ్మా, నేను వస్తాను," అన్నాడు ఇయోపు.

"నువ్వు మావయ్యతో రేవుకి వెళ్ళు! నువ్వు ఫెర్రీ ఎక్కకపోతే నేను వంగినా దండగే!" అని కసిరింది. వాడి చొక్కా గుండీ సరిచేసింది. ఇంకో గుండీ సరిచేసింది. సరిచేయడానికి ఇంక గుండీలు లేకపోయేసరికి చాప చంకన పెట్టుకుని సముద్రం పక్క దారిలో నడిచింది. తన పథకం తనకే ఎంత సిగ్గుగా ఉందో... కొడుకు చేసిన పాపానికి తను వంగాలి. ఆ పాపం మాత్రం బయటికి రాకూడదు!

వైలోలోలో పెనీవాళ్ళ ఇంటిముందు నల్ల గులకరాళ్ళ వాకిలి. అసెనాటి మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, చాప కప్పుకుంది. లోపలంతా పచ్చటి చీకటి. మొగలి వాసన. తన ఊపిరే తనకి గట్టిగా వినబడుతోంది.

"ఎవర్రా అది?"

"సలేఫూ వాళ్ళు!"

"ఒక్కరేనా? మగాళ్ళంతా చచ్చారా ఆ ఊళ్ళో?"

ఒక రాయి వచ్చి మోకాలి పక్కన పడింది. రెండోది భుజం మీద. కళ్ళు గట్టిగా మూసుకుంది అసెనాటి. ఎండెక్కింది. ఎనిమిదింటికి ఫెర్రీ. కొడుకు ఈపాటికి రేవులో ఉంటాడు... ఈపాటికి ఎక్కుంటాడు... ఇంకాసేపు ఓర్చుకో తల్లీ, ఇంకాసేపు!

అప్పుడు మెల్లగా చెప్పుల చప్పుడు. ఆ చప్పుడు ఆమెకి తెలుసు. పెనీ తల్లి లెయుతా. రెండు ఊళ్ళ మహిళా కమిటీలో ఇరవై ఏళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. అంబులెన్సులో ఒక్కరికే చోటు ఉండటంతో మొగుణ్ణి ఎక్కించి, తను ఇంట్లోనే ఉండిపోయింది.

"అసెనాటీ. ఏం జరిగిందో చెప్పు."

"ఆటలో జరిగింది లెయుతక్కా... ప్రమాదం... మా వాడు కావాలని..." కింద గులకరాళ్ళని పిడికిట బిగించింది. "ప్రమాదం అక్కా!"

తర్వాత చాప అంచుని వేళ్ళు తడిమాయి. ఆగాయి. మళ్ళీ తడిమాయి.

"ఈ ఎర్ర ఈకలు..." అంది లెయుతా. "ఇది మా అమ్మ అల్లిన చాప! మూలన ముడి చూడు, మా అమ్మ ముడి! నీ మొగుడు పోయినప్పుడు నేను తెచ్చి నీ ఒళ్ళో పెట్టాను. అది కూడా చూసుకోలేదా నువ్వు? నీ ఏడుపుకి నేనిచ్చింది, నా ఏడుపుకి నాకే తెచ్చి ఇస్తావా! పైగా దానికింద కూర్చుని అబద్ధం ఆడతావా!"

విసురుగా చాప లాగేసింది.

ఒక్కసారిగా ఎండ! కళ్ళు చెదిరిపోయాయి. అసెనాటి చేతులు అడ్డం పెట్టుకుంది. ఇంక తన మీద కత్తి పడటమే తరువాయి అనుకుంది.

కానీ పడలేదు. వాకిట్లో నిలబడ్డ మగవాళ్ళందరూ కత్తులు దించేశారు. లెయుతా మరిది రాయి కింద పడేసి, అయోమయంగా తల గోక్కున్నాడు. "వదిన చాప ఎత్తేసింది. ఇంకేముంది? క్షమించేసింది."

"నేను క్షమించలేదు!" అని అరిచింది లెయుతా.

"మరి ఎత్తావుగా వదినా..."

"కోపంలో లాగాను! ఎత్తడం కాదు అది!"

"ఎత్తినా లాగినా చాప పైకి లేచిందిగా. ఇప్పుడు మేం చెయ్యి చేసుకుంటే ఊరు మా మీద జరిమానా వేస్తుంది."

లెయుతా చేతుల్లో చాపవంక చూసుకుంది. తను ఏం చేసిందో అప్పుడు అర్థమైంది. గభాల్న ముందుకొచ్చి, చాపని మళ్ళీ అసెనాటి తలమీద పడేసింది. "కూర్చో! లేచావంటే ఊరుకోను! నేనింకా ఎత్తలేదు! నిజం చెప్పేదాకా ఎత్తను!"

ఇంకో రోజయితే ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుకునేవాళ్ళే. ఇవాళ చాప బయట ఒక తల్లి ఏడుస్తోంది... చాప లోపల ఇంకో తల్లి ఏడుస్తోంది... మధ్యన చనిపోయిన ఒక ముసలితల్లి అల్లిన చాప!

ఏం చెప్పాలి? చెబితే కొడుకు బతుకు పోతుంది. చెప్పకపోతే తను ఈ వాకిట్లో ఎండిపోయినా సరే... అవును, ఎండిపోతాను! అనుకుంది అసెనాటి. వాడు వెళ్ళిపోతే చాలు.

దూరంగా రేవులో ఫెర్రీ కూత వినబడింది. ఆమె గుండె ఒక్కసారి తేలికయింది.

మరి కాసేపటికి దారిలో బండి బ్రేకు కీచుమంది. గులకరాళ్ళ మీద ఎవరో పరిగెత్తుకొస్తున్నారు. చాప అంచు లేచింది... నూట పది కిలోల శరీరం వచ్చి పక్కన మోకాళ్ళ మీద పడింది.

"ఎందుకొచ్చావురా!" అని గుసగుసగా ఏడ్చింది తల్లి. "ఎందుకొచ్చావురా నా తండ్రీ! ఫెర్రీ వెళ్ళిపోయింది కదరా!"

"ఎక్కానమ్మా. ఫెర్రీ తలుపు పైకి ఎత్తేస్తుంటే గట్టు మీదికి దూకేశాను. నా మొహం చూసి మావయ్య ఏమీ అడగలేదు, బండి వెనక్కి తిప్పేశాడు."

తర్వాత గట్టిగా, వాకిలంతా వినబడేలా అన్నాడు. "లెయుతత్తా! విజిల్ వేశాకే కొట్టాను! నాకు వినబడింది! వాడి చోటు నాకు రావాలని కొట్టాను!"

కత్తులు మళ్ళీ లేస్తున్న చప్పుడు. అసెనాటి కొడుకు మెడచుట్టూ చేతులు వేసి తన ఒళ్ళు అడ్డం పెట్టింది. సరిగ్గా అప్పుడే ఇంకెవరో ఆయాసపడుతూ వచ్చి, ఈ పక్కన ధబ్బున మోకరిల్లారు. చాపలో ఆ మనిషి సగమే పట్టాడు. మిగతా సగం ఎండలోనే.

"జరుగు చెల్లీ," అన్నాడు సకారియా. "బిరుదుకి గాలి తగిలింది. ఇంక మాట్లాడకు."

మగవాళ్ళని ఆగమని, లెయుతా మాట్లాడింది. కోపం లేదు. అలసట ఉంది. "నాకు శనివారమే తెలుసు. అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే పెనీ చెప్పాడు. 'అమ్మా, విజిల్ అయింది కదా, నేను ఆగిపోయాను కదా' అన్నాడు. అదొక్కటే పదిసార్లు అన్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే మావాళ్ళు అదే రోజు మీ ఇల్లు తగలబెట్టేసేవాళ్ళు. మీలో ఎవరైనా వచ్చి చెబుతారా అని చూశాను..."

చాప పైకి లేచింది. ఈసారి మెల్లగా, రెండు చేతులతో.

"ఇదిగో, ఇప్పుడు ఎత్తాను. అందరూ చూశారుగా?" అని మరిది వైపు ఉరిమి చూసింది. తర్వాత ఇయోపు ఎదురుగా నేలమీద కూర్చుంది. "దీంతో ఊరి గొడవ తీరింది. నా కడుపులో గొడవ తీరలేదు. వాణ్ణి ఇంటికి తెస్తే ఎవరు ఎత్తుతారు? ఎవరు స్నానం చేయిస్తారు? వాళ్ళ నాన్నకి నడుం నొప్పి. తోటలో దుంపలు ఎవరు తవ్వుతారు?"

"నేను అత్తా."

"ఎన్నాళ్ళు?"

"నువ్వు చాలనేదాకా."

ఇయోపు జేబులో ఫోను మోగింది. కోల్ దొర. అవతలి రేవులో ఎదురుచూస్తూ. ఇయోపు అందరి ముందూ ఎత్తి, తనకి వచ్చిన కాస్త ఇంగ్లీషులోనే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అవతల దొర ఫోను పెట్టేశాడు. ఆరేళ్ళ ప్రార్థన ఒక నిమిషం పదమూడు సెకన్లలో అయిపోయిందని తెర మీద చూపించింది! అసెనాటి ఆ అంకెలవంక చూస్తూ ఉండిపోయింది... ఒక్క కన్నీటిచుక్క కూడా రాలేదు.

*

ఆ తర్వాత రెండేళ్ళు ఇయోపు నిద్ర లేచింది వైలోలోలో. తిన్నది లెయుతా పొయ్యి మీద. అసెనాటి కొడుకుని చర్చిలో చూసుకునేది, అదీ అవతల వరసలో, చక్రాల కుర్చీ పక్కన. ఒక్కోసారి ఆమెకి దిగులు ముంచుకొచ్చి, కొబ్బరి తురుముతూ తురుముతూ అలాగే ఆగిపోయేది. విమానం ఎక్కినా వాడు ఇంతే దూరమయ్యేవాడు కదా, అని తనకి తనే చెప్పుకునేది. కానీ అప్పుడయితే గొప్పగా చెప్పుకోడానికి ఉండేది!

మొదటి మూడు నెలలు పెనీ ఇయోపుతో ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగో నెలలో, సముద్రంలోకి మోసుకెళ్తుంటే మొదటిమాట అన్నాడు. "మెల్లగారా దున్నపోతా! చేమదుంపల బస్తానా నేను?"

ఆ సాయంత్రం ఇయోపు పరిగెత్తుకుంటూ వచ్చి తల్లికి ఆ మాట చెప్పి భోరున ఏడ్చాడు. "తిట్టాడమ్మా! నన్ను తిట్టాడు!"

ఇక ఆ తిట్లకి అంతులేదు. పెనీ ఒడ్డున కుర్చీలో కూర్చుని ఇసుకలో ఇయోపుని పరిగెత్తించేవాడు. "మోకాళ్ళు ఎత్తరా! నాకు కాళ్ళుంటే నిన్ను ఈపాటికి రెండుసార్లు దాటేసేవాణ్ణి!" ఊరి ఆటలన్నీ ఫోన్లో తీసి, కత్తిరించి, అతికించి, ఆస్ట్రేలియాలో చిన్నా పెద్దా క్లబ్బులన్నిటికీ పంపేవాడు. తనకి జరిగింది కూడా దాయకుండా రాసేవాడు. పదహారు క్లబ్బులు జవాబే ఇవ్వలేదు. పదిహేడోది, క్వీన్స్‌లాండ్‌లో చెరకు పండే ఊళ్ళో ఒక చిన్న క్లబ్బు, ఇచ్చింది. జీతం తక్కువ. ఏడాదికే. అయినా జీతమే!

ఇయోపు ఆ సంగతి ముందు తల్లికి చెప్పలేదు. లెయుతా దగ్గరికి వెళ్ళి తల వంచుకు కూర్చున్నాడు. లెయుతా మూడు రోజులు ఏదీ తేల్చలేదు. వంట చేసింది, బట్టలుతికింది, ప్రార్థన చదివింది, ఆ ఒక్క విషయం తప్ప అన్నీ మాట్లాడింది. నాలుగో రోజు పెనీ కంచం తోసేశాడు.

"అమ్మా, చాలు అనవే! వాడు నన్ను ముసలాణ్ణి చేసేస్తున్నాడు. ఎప్పుడూ పక్కనే! ఎత్తడానికి బాబాయ్ కొడుకులు లేరా? కనీసం వాడయినా వెళ్ళి ఆడితే, నేను పొద్దస్తమానం తిట్టినదానికి ఫలితం ఉంటుంది!"

లెయుతా పైటచెంగులా లుంగీ అంచు మొహానికి అడ్డం పెట్టుకుని, వెక్కుతూ అంది. "చాలు."

*

రేవులో పెనీ మొగలిపూల దండ ఇయోపు మెడలో వేసి, చెంప మీద ఒకటి తగిలించాడు. "ఇది విమానం ఎక్కాక నిద్రపోకుండా!" సకారియా మైకు లేకపోయినా ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఫెర్రీ కూసింది.

ఇయోపు లెయుతా ముందు మోకరిల్లాడు. ఆమె చేతులు తల మీద పెట్టించుకున్నాడు. ఎంతోసేపు... సంచీ పట్టుకుని వెనకాల నిలబడ్డ అసెనాటికి గుండెలో ఏదో గుచ్చుకుంది. కన్నది నేను కదా! రెండేళ్ళు ఎడబాటు పడ్డది నేను కదా! కానీ ఆ వెంటనే... ఆ చేతుల కింద తల వంచగలిగాడు కాబట్టే కదా వాడు ఇవాళ తల ఎత్తుకుని వెళుతున్నాడు, అనిపించింది. సంచీ కింద పెట్టి, తన వంతు వచ్చేదాకా నిలబడింది. వచ్చాక, వాడి చొక్కా గుండీ కూడా సరిచేయలేదు. ఊరికే పట్టుకుంది.

"వెళ్ళొస్తానమ్మా."

"ఊఁ."

తలుపు లేచింది. నీళ్ళు మరిగినట్టు తెల్లగా కదిలాయి. అసెనాటికీ లెయుతాకీ ఒకేసారి దుఃఖం పొంగుకొచ్చింది. లెయుతా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆగవే! ఇద్దరం ఒకేసారి ఏడిస్తే వాడు మళ్ళీ దూకేస్తాడు. వంతులేసుకుందాం. నేను వాడికి చెయ్యి ఊపుతుంటాను, నువ్వు నా వెనక ఏడువు. పడవ మలుపు తిరిగాక నేను ఏడుస్తాను, నువ్వు పెనీ కుర్చీ తోసుకురా."